పెప్టైడ్ సూది పట్టుకునే ముందు: కండ, కోలుకోవడం, ఆయుష్షు కోసం ఏవి వాడాలి, ఏవి వద్దు

బెంగళూరులోని మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ జిమ్‌లలో సాయంత్రం ఏడు దాటితే కన్నడంతో సమానంగా తెలుగు వినిపిస్తుంది. ఉద్యోగం కోసం ఊరు విడిచి వచ్చి, పీజీలలోనో అద్దె ఫ్లాట్లలోనో ఉంటూ, రోజంతా కుర్చీకి అతుక్కుపోయిన ఒంటికి కాస్త కదలిక కావాలని మన పిల్లలు జిమ్‌లో చేరుతున్నారు. అది సంతోషించవలసిన విషయం. అయితే కొంతకాలం క్రితం వరకు ఏ కంపెనీ వే ప్రొటీన్ మంచిదన్న దగ్గర ఆగిన సందేహాలు, ఇప్పుడు బీపీసీ-157 అనే పెప్టైడ్ సూది వేసుకుంటే భుజం నొప్పి త్వరగా తగ్గుతుందా, ఐపామోరెలిన్ అనే మరో పెప్టైడ్ వల్ల కండ వస్తుందా, ఎన్ఎంఎన్ మాత్రలతో వయసు వెనక్కి వెళుతుందా అన్నంత దూరం వచ్చాయి. పోషకాహార సలహా ఇచ్చే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఈ ప్రశ్నలు నాకు తరచుగా ఎదురవుతున్నాయి. అడిగేవాళ్ళు చదువుకున్నవాళ్ళే. పదార్థాల పేర్లు వాళ్ళకు నాకంటే ఎక్కువే తెలుసు. వాళ్ళకు ఎవరూ చెప్పనిది వరుస: దేని తరువాత ఏది, ఏది అసలు వరుసలోకే రాకూడదు అన్నది. ఈ వ్యాసంలో ఆ వరుసను వీలైనంత వివరంగా చెబుతాను.

మొదట పళ్ళెంలో ఉన్నదాన్ని లెక్కపెట్టండి

సప్లిమెంట్ అంటే లోటు పూడ్చేది. లోటు ఎంతో తెలియకుండా పూడ్చడం కుదరదు. కాబట్టి ఏ డబ్బా కొనకముందు ఒక మామూలు రోజు తిన్న తిండిని కాగితం మీద రాసుకోండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. ఇది ఆరోగ్యంగా ఉండడానికి కావలసిన మోతాదు. బరువులెత్తి కండ పెంచుకోవాలనుకునేవారికి ఎంత కావాలన్న దానిపై 49 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2018లో వెలువడింది. కిలోకు సుమారు 1.6 గ్రాములు దాటాక అదనపు ప్రయోజనం పెద్దగా కనిపించదని అది తేల్చింది. డెబ్బై కిలోల మనిషికి ఇది 112 గ్రాములవుతుంది.

ఇప్పుడు పీజీ తిండి చూద్దాం. పొద్దున మూడు ఇడ్లీలు, సాంబారు కలిపితే ఎనిమిది, తొమ్మిది గ్రాములు. మధ్యాహ్నం అన్నం, గరిటెడు పలుచటి పప్పు, ఒక కూర, చిన్న గిన్నెడు పెరుగు కలిపితే పదిహేను, పద్దెనిమిది గ్రాములకు మించవు. సాయంత్రం టీ, బిస్కెట్లలో చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. రాత్రి చపాతీలు, కుర్మా మరో పన్నెండు గ్రాములు ఇస్తాయి. మొత్తం నలభై దగ్గర ఆగిపోతుంది. ఆంధ్రా మెస్సులో కడుపునిండా తిన్నా, చికెన్ వేపుడు తీసుకోకపోతే ఈ సంఖ్య పెద్దగా మారదు, ఎందుకంటే పళ్ళెంలో ముప్పావు వంతు అన్నమే ఉంటుంది. డెబ్బై గ్రాముల లోటు పెట్టుకొని కండ రావడం లేదని సూదుల గురించి ఆలోచించేవాళ్ళను చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఈ లోటులో చాలా భాగం వంటగది సామానుతోనే పూడుతుంది. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. ఎండు మీల్ మేకర్ వంద గ్రాములకు యాభై గ్రాములకు పైగా ప్రొటీన్ ఇస్తుంది కాబట్టి, యాభై గ్రాములు నానబెట్టి కూరలో వేసుకుంటే పాతిక గ్రాములు వచ్చినట్లే. వంద గ్రాముల పనీరులో సుమారు పద్దెనిమిది గ్రాములు, వండిన కోడి రొమ్ము మాంసం వంద గ్రాములలో ముప్పై గ్రాముల దాకా ఉంటాయి. ముప్పై గ్రాముల పల్లీలు ఏడెనిమిది గ్రాములిస్తాయి, కాకపోతే వాటితోపాటు నూనె కూడా వస్తుందని గుర్తుంచుకోవాలి. పప్పును పలుచగా కాకుండా ముద్దగా, అన్నం కంటే ఎక్కువగా పెట్టుకోవడం శాకాహారులకు మరీ ముఖ్యం. ప్రొటీన్‌కు ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు; బియ్యం, గోధుమలలో వాటిలో ఒకటైన లైసిన్ తక్కువ, పప్పుధాన్యాలలో అది పుష్కలం. పెద్దవాళ్ళకు లైసిన్ ఎంత కావాలన్న పాత అంచనా కిలోకు 12 మిల్లీగ్రాములుండగా, 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని 30కి పెంచింది. ఆ సవరణకు ఆధారమైన పరిశోధనలో ఒక ముఖ్య భాగం ఈ నగరంలోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలోనే జరిగింది. పప్పన్నం తినే జనం గురించి పప్పన్నం తినే ఊళ్ళోనే తేలిన విషయం అది.

వ్యాయామం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. ఒక్కో కండర సమూహానికి వారంలో రెండుసార్లు పని పడాలి, ఎత్తే బరువో, ఎత్తే సంఖ్యో నెలనెలా పెరుగుతూ ఉండాలి, ఆ పెరుగుదలను పుస్తకంలో రాసుకోవాలి. ఇది మూడు నెలలు సాగని మనిషికి కింద చెప్పబోయే వాటిలో ఏదీ పనిచేయదు.

రక్తపరీక్షలు ముందు, సీసాలు తరువాత

ఏదైనా మొదలుపెట్టడానికి ముందే ఒకసారి పరీక్షలు చేయించుకుంటే, తరువాత వచ్చే మార్పును దేనితో పోల్చాలో తెలుస్తుంది. రక్తకణాల లెక్క, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ, కొవ్వుల పరీక్ష, థైరాయిడ్, విటమిన్ డి, బీ12 చేయిస్తే సరిపోతుంది. చాలా ఆఫీసులు ఏడాదికోసారి చేయించే హెల్త్ చెకప్‌లో ఇవి దాదాపు అన్నీ ఉంటాయి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే థైరాయిడ్ ఫలితం తప్పుగా రావచ్చు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా దీనివల్ల తప్పుదోవ పట్టవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది.

చల్లని ఏసీ గదిలోకి పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక బయటికి వచ్చేవారికి విటమిన్ డి తక్కువగా ఉండడం సర్వసాధారణం. రక్తంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువగా ఉంటే డాక్టరు చాలాసార్లు వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల పొడి లేదా క్యాప్సూల్ కొన్ని వారాలకు రాస్తారు. అంతటితో అయిపోయిన ఆ కోర్సును సొంతంగా నెలల తరబడి కొనసాగించేవాళ్ళున్నారు. రోజుకొకటి మింగినవాళ్ళూ ఉన్నారు. ఈ విటమిన్ ఒంట్లో నిల్వ ఉండిపోతుంది. అది హద్దు దాటితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, కిడ్నీ దెబ్బతినడం దాకా పోతుంది. బీ12 విషయంలో శుద్ధ శాకాహారులు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాలి. ఈ రెండూ లోటు ఉన్నవారికి మేలు చేస్తాయి. లేనివారికి కండను పెంచవు.

నిజంగా పనిచేసేవి రెండు

క్రియాటిన్ మోనోహైడ్రేట్‌కు ఉన్నంత ఆధారం కండ కోసం అమ్మే మరే పదార్థానికీ లేదు. మన కండరాలు ఒక్కసారిగా బలం పెట్టినప్పుడు ఖర్చయ్యే శక్తిని తిరిగి నింపడానికి అది తోడ్పడుతుంది. అందువల్ల పది సార్లు ఎత్తగలిగిన బరువును పదకొండో సారి కూడా ఎత్తగలుగుతాము. నెలల మీద కండగా మారేది ఆ అదనపు శ్రమే. మాంసం, చేపలలో ఇది సహజంగా ఉంటుంది కాబట్టి శాకాహారుల కండరాలలో నిల్వ తక్కువగా ఉంటుంది. సాధారణంగా వారికే ఫలితం ఎక్కువ కనిపిస్తుంది. రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు, ఏ వేళనైనా, గోరువెచ్చని నీటిలోనో మజ్జిగలోనో కలుపుకొని తాగవచ్చు. మొదటి వారం రోజుకు ఇరవై గ్రాములు తీసుకునే పద్ధతి ఒకటుంది. దానివల్ల నిల్వ త్వరగా నిండుతుందే తప్ప చివరికి చేరేది అదే చోటికి, చిన్న మోతాదుతో మూడు, నాలుగు వారాలు పడుతుంది, అంతే. మోనోహైడ్రేట్ కంటే మెరుగైనవని రెండింతల ధరకు అమ్మే రకాలకు డబ్బు వృథా చేయవద్దు.

ఇక్కడ చాలామందిని కంగారు పెట్టే విషయాన్ని వివరంగా చెప్పాలి. క్రియాటిన్ ఒంట్లో విరిగితే వచ్చేదే క్రియాటినిన్. కిడ్నీ పనితీరును అంచనా వేయడానికి ల్యాబులు కొలిచేదీ దానినే. కాబట్టి ఈ పొడి తాగేవారి రిపోర్టులో క్రియాటినిన్ హద్దుకు కాస్త పైన కనిపించవచ్చు, దాని పక్కనే కంప్యూటర్ లెక్కగట్టిన కిడ్నీ సామర్థ్యం తగ్గినట్లు ఎర్ర అక్షరాలలో పడవచ్చు. కిడ్నీ బాగానే ఉండి కూడా ఇలా రావచ్చు. క్రియాటిన్ వాడుతున్నానని డాక్టరుకు ముందే చెప్పండి. అనుమానం మిగిలితే సిస్టాటిన్ సి అనే మరో పరీక్ష ఉంది, దాని మీద ఈ పొడి ప్రభావం పడదు. అయితే ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, అధిక రక్తపోటుకో మధుమేహానికో చాలాకాలంగా మందులు వాడుతున్నవాళ్ళు డాక్టరు అనుమతి లేకుండా దీనిని ముట్టుకోకూడదు. మొదటి వారాలలో బరువు ఒకటి, రెండు కిలోలు పెరగవచ్చు. అది కండరాలలోకి చేరే నీరు, కొవ్వు కాదు.

రెండవది వే ప్రొటీన్. పాలు విరిచినప్పుడు మిగిలే నీటి నుంచి తీసే పొడి కాబట్టి దీనిని మందుగా కాక పాల పదార్థంగానే చూడాలి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని చెప్పాయి. తిండితోనే సరిపెట్టుకోగలిగినవారికి ఆ మాటే శిరోధార్యం. కాని గుడ్డు తినని, వంట చేసుకునే వీలులేని పీజీ కుర్రవాడికి రోజుకొక స్కూపు అందుబాటులో ఉన్న సులువైన దారి అని నా అభిప్రాయం. కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ మాత్రంతో హాని కలిగినట్లు ఆధారం లేదు.

అసలు చిక్కు డబ్బాలో ఏముందన్నది. మన దేశంలో అమ్ముతున్న 36 ప్రొటీన్ పొడులను పరీక్షించి కేరళ వైద్యులు 2024లో ఒక వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు 70 శాతం వాటిపై రాసిన ప్రొటీన్ సంఖ్య తప్పని తేలింది. కొన్నిటిలో చెప్పినదాంట్లో సగమే ఉంది. కొన్నిటిలో బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్లు అనే విషాలు కూడా కనిపించాయి. అందువల్ల డబ్బాను చేతిలోకి తీసుకుని నిదానంగా చదవండి. స్కూపు 33 గ్రాములు, అందులో ప్రొటీన్ 24 గ్రాములు అని ఉంటే 73 శాతం అన్నమాట. ఇది యాభైకి దిగితే మీరు కొంటున్నది ఎక్కువగా చక్కెర, పిండి. దినుసుల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు రాయాలన్నది నియమం కాబట్టి మొదటి పేరు వే అయి ఉండాలి. గ్లైసిన్, టారిన్ వంటి చవక అమైనో ఆమ్లాల పేర్లు విడిగా కనిపిస్తే అనుమానించండి. మామూలు ల్యాబు పద్ధతి నత్రజనిని కొలిచి దాని నుంచి ప్రొటీన్‌ను లెక్కగడుతుంది, ఈ చవక పదార్థాలు కలిపితే నత్రజని పెరిగి సంఖ్య ఘనంగా వస్తుంది, కండకు మాత్రం ఏమీ చేరదు. ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్యలో పద్నాలుగు అంకెలుంటాయి. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య ఉన్న స్టిక్కరు ఉండాలి. ఆ అంకెలను ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కొట్టి చూస్తే అది ఎవరి పేరు మీదుందో తెలుస్తుంది. ట్రైనర్ బ్యాగులోంచి తీసి ఇచ్చే బిల్లులేని డబ్బాను ఎంత చవకైనా తీసుకోవద్దు.

మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కాఫీలోని కెఫీన్ వ్యాయామంలో కొంత సాయపడుతుంది, కాని దాని సగభాగం ఒంట్లోంచి పోవడానికి ఐదు గంటలు పడుతుంది కాబట్టి, రాత్రి ఎనిమిదింటికి కెఫీన్ ఉన్న ప్రీవర్కవుట్ పొడి కలుపుకొని తాగి పన్నెండింటికి నిద్ర రావడం లేదని వాపోవడంలో అర్థం లేదు. ప్రొటీన్ సరిపడా అందుతున్నవాళ్ళకు బీసీఏఏ, గ్లూటమిన్ వంటి అమైనో ఆమ్లాల పొడులు దండగ. టెస్టోస్టిరాన్ పెంచుతాయని అమ్మే పల్లేరు కాయల సారం పరీక్షలలో ఆ పని చేయలేదు. అశ్వగంధ మీద కొన్ని చిన్న అధ్యయనాలు ఆశాజనకంగానే ఉన్నా, అరుదుగా కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి, థైరాయిడ్ మీదా ప్రభావం ఉంటుంది. మన మూలికే కదా అన్న ధీమాతో వాడకూడదు.

పెప్టైడ్‌లు: మందు ఏది, మందు కానిది ఏది

అమైనో ఆమ్లాలు గొలుసుగా చేరితే పెప్టైడ్, ఆ గొలుసు బాగా పొడవైతే ప్రొటీన్. ఆ మాటను విని భయపడవలసిందేమీ లేదు, ఎందుకంటే ఇన్సులిన్ కూడా 51 అమైనో ఆమ్లాల పెప్టైడే. ఎముకలు గుల్లబారినవారికి ఇచ్చే టెరిపారటైడ్, మధుమేహానికీ స్థూలకాయానికీ ఇచ్చే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ కూడా ఈ కోవకే చెందుతాయి. ఇవన్నీ వేలాది మనుషుల మీద పరీక్షలు దాటి, మోతాదు, దుష్ఫలితాలు తేలిన తరువాత డాక్టరు చీటీ మీద అమ్ముడవుతున్న మందులు.

జిమ్‌లలో పెప్టైడ్ అన్నప్పుడు సాధారణంగా ఉద్దేశించేవి వేరు. బీపీసీ-157 పదిహేను అమైనో ఆమ్లాల గొలుసు. స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్ళు), పేగుల గాయాలు త్వరగా మానాయని చెప్పే అధ్యయనాలలో అత్యధికం ఎలుకల మీద జరిగినవే. మనుషుల మీద జరిగినవి బహు కొద్ది, అవీ చాలా చిన్నవి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022 నుంచి దీనిని నిషేధించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో భద్రతా సందేహాలున్న పదార్థాల జాబితాలో చేర్చింది. టీబీ-500 థైమోసిన్ బీటా-4 అనే సహజ ప్రొటీన్‌లోని ఒక ముక్క, దాని పరిస్థితీ ఇంతే. ఈ రెండూ గాయం దగ్గర కొత్త రక్తనాళాలు పుట్టేలా చేస్తాయని అంటారు. కొత్త రక్తనాళాలు కంతులకూ ఆహారం అందిస్తాయి కాబట్టి, బయటపడని కంతి ఒంట్లో ఉన్న మనిషిలో ఏం జరుగుతుందన్న సందేహానికి ఇంతవరకు సమాధానం లేదు. సీజేసీ-1295, ఐపామోరెలిన్ గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయిస్తాయి. వీటితోపాటు అదే పనికి అమ్మే ఎంకే-677 నిజానికి పెప్టైడ్ కాదు, మాత్రగా మింగేది. వయసు మళ్ళినవారి మీద రెండేళ్ళపాటు జరిగిన పరీక్షలో ఎంకే-677 కొవ్వు లేని బరువును పెంచింది, బలాన్ని మాత్రం పెంచలేదు, పైగా పరగడుపు చక్కెరను పెంచింది. తుంటి ఎముక విరిగినవారి మీద చేసిన మరో పరీక్షను గుండె వైఫల్యం గురించిన భయంతో మధ్యలోనే ఆపేశారు. అమ్మానాన్నలలో ఒకరికైనా చక్కెర వ్యాధి ఉన్న ఇళ్ళు మనలో ఎన్నో. అలాంటి ఇంటి పిల్లలు చక్కెరను పెంచే పదార్థాన్ని ఏరికోరి తీసుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ఒక పీజీ ఫ్రిజ్‌లో పెరుగు ప్యాకెట్ల పక్కన స్టీలు డబ్బాలో దాచిన సీసా ఒకటి నాకు చూపించారు. బొటనవేలంత గాజు సీసా, రబ్బరు బిరడా, అడుగున తెల్లటి పొడి బిళ్ళ. లేబుల్ మీద పదార్థం పేరు, మిల్లీగ్రాములు, వాటి కింద పరిశోధన అవసరాలకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం. తయారీదారు చిరునామా లేదు, తయారీ లైసెన్సు సంఖ్య లేదు, బ్యాచ్ సంఖ్య లేదు, గడువు తేదీ లేదు, ధర లేదు. మెడికల్ షాపులో కొనే జ్వరం మాత్రల అట్ట తిప్పి చూడండి, ఇవన్నీ దాని వెనుక ఉంటాయి. చీటీ మీద మాత్రమే అమ్మే మందైతే ఆర్‌ఎక్స్ గుర్తు, ఎర్ర గీత కూడా ఉంటాయి. ఆ సీసాను అమ్మినవాళ్ళు మనుషులకు కాదని రాసి తమ బాధ్యతను ముందే వదిలించుకున్నారు.

స్వచ్ఛత 99 శాతమని చూపించే ల్యాబు కాగితాన్ని చాలామంది పెద్ద భరోసాగా భావిస్తారు. ఆ కాగితం నిజమైనదే అనుకున్నా, అది చెప్పేది పొడిలో ఆ అణువు ఎంత శాతం ఉందన్న మాట ఒక్కటే. సీసాలో బ్యాక్టీరియా ఉందా, చచ్చిన బ్యాక్టీరియా వదిలిన విషపదార్థం ఉందా, భార లోహాలున్నాయా అన్నవి వేరే పరీక్షలతో తేలవలసిన విషయాలు. నోటితో తిన్నదాన్ని కడుపులోని ఆమ్లం, కాలేయం కొంతైనా వడపోస్తాయి. సూదితో ఎక్కించినదానికి ఆ కాపలా లేదు. పైగా పొడిని ఇంట్లో నీటితో కలిపి, ఇన్సులిన్ సిరంజి గీతలను మైక్రోగ్రాములుగా మార్చుకోవడంలో తప్పులు జరుగుతాయి. కలిపిన నీరు సగమైతే అదే గీత దగ్గర మందు రెండింతలవుతుంది. పీజీలో పదిమంది తెరిచి మూసే ఫ్రిజ్‌లో, కరెంటు పోయి వచ్చే చోట ఇలాంటి పొడి చెడకుండా ఉంటుందన్న నమ్మకమూ లేదు.

కాబట్టి నా మాట స్పష్టం: ఆమోదం లేని పెప్టైడ్‌ను ఎంత తక్కువ మోతాదులోనైనా సూదితో ఎక్కించుకోవద్దు, దాని మోతాదు ఎంతని ట్రైనర్‌నూ అడగవద్దు. క్లినిక్ పేరుతో ఎవరైనా ఇస్తామంటే, ఆ మందుకు మన దేశంలో అమ్మకానికి అనుమతి ఉందా, ఏ జబ్బుకు ఉంది, నాకు ఆ జబ్బు ఉందా, చీటీ మీద మందు పేరు, మీ రిజిస్ట్రేషన్ సంఖ్య రాసి ఇస్తారా అని నాలుగు ప్రశ్నలు అడగండి. సూటిగా సమాధానం రాకపోతే లేచి వచ్చేయండి. జిల్లా స్థాయి నుంచి పోటీలలో పాల్గొనే క్రీడాకారులు మరింత జాగ్రత్తగా ఉండాలి. తెలియక తీసుకున్నా, ఒంట్లో దొరికిన పదార్థానికి క్రీడాకారుడే బాధ్యుడన్నది డోపింగ్ నియమం.

ఇప్పటికే వేసుకుంటున్నవాళ్ళుంటే, సిగ్గుపడి దాచవద్దు. ఆపేసి, సీసాను పారేయకుండా డాక్టరుకు చూపించండి. సూది వేసిన చోట ఎర్రబడి వాచినా, చీము పట్టినా, చలితో జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఒక్క నిమిషం ఆగకూడదు. సిరంజినిగానీ ఒకే సీసానుగానీ ఎవరితోనైనా పంచుకుని ఉంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకోండి. గ్రోత్ హార్మోన్‌ను పెంచేవి వాడినవారు చక్కెర, హెచ్‌బీఏ1సీ చూపించుకోవాలి.

డాక్టరు సలహాతో బరువు తగ్గే పెప్టైడ్ సూదులు వాడుతున్నవారికి కూడా ఒక జాగ్రత్త ఉంది. 2025లో మౌంజారో (టిర్జెపటైడ్), వీగోవీ (సెమాగ్లూటైడ్) మన మార్కెట్లోకి వచ్చాక ఈ ఊళ్ళో వాటి వాడకం బాగా పెరిగింది. ఆకలి చచ్చిపోవడంతో తిండి తగ్గి, పోయిన బరువులో పాతిక నుంచి నలభై శాతం దాకా కొవ్వు కానిది ఉంటుందని పరీక్షలలో తేలింది. అందులో కండ కూడా ఉంటుంది. కాబట్టి ఈ సూది వాడేవాళ్ళు పళ్ళెంలో ప్రొటీన్‌ను ముందు తిని అన్నం తరువాత తినాలి, వారంలో కనీసం రెండు రోజులు బరువులెత్తాలి.

కోలుకోవడం, ఆయుష్షు

కోలుకోవడానికి నిద్రను మించినది లేదు. ఏడు గంటల నిద్ర కావాలని అందరికీ తెలుసు. అమెరికా వాళ్ళ కాల్స్ ముగిసేసరికి అర్ధరాత్రి దాటే ఉద్యోగంలో అది ఎలా సాధ్యమన్నదే చిక్కు. అలాంటివారు తెల్లవారుజామున ఆరింటికి జిమ్‌కు వెళ్ళడం మానుకుని, నిద్ర పూర్తయ్యాక మధ్యాహ్నమో సాయంత్రమో వెళ్ళడం మేలు. కోలుకోవడం కోసమని చేసే కొన్ని పనులు కండకే అడ్డుపడతాయి. బరువులెత్తిన వెంటనే మంచునీటి తొట్టిలో కూర్చోవడం కండ పెరుగుదలను తగ్గిస్తుందని 2015లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. పెద్ద మోతాదులో విటమిన్ సి, ఇ మాత్రలు కూడా వ్యాయామానికి ఒళ్ళు అలవాటు పడే ప్రక్రియను మందగింపజేస్తాయి. ఉసిరికాయ, జామపండు తినడానికి అభ్యంతరం లేదు. నొప్పి బిళ్ళలు రోజూ వేసుకుని జిమ్ చేయడం అంతకంటే చెడ్డ అలవాటు.

భుజం, మోచేయి, మడమ స్నాయువుల నొప్పికే చాలామంది బీపీసీ వైపు చూస్తున్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే స్నాయువుకు రక్తప్రసరణ తక్కువ, అది మానడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. దానికి రుజువైన వైద్యం, ఫిజియోథెరపిస్టు చూపిన వ్యాయామాలను క్రమంగా బరువు పెంచుతూ కనీసం పన్నెండు వారాలు చేయడం. దీనికి తోడుగా చర్మం, స్నాయువులలో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పొడిని విటమిన్ సితో కలిపి తీసుకోవడం కొందరికి కొంత సాయపడవచ్చు, ఆధారం స్వల్పమే. కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అసలు లేదు కాబట్టి దానిని కండ కోసం తినే ప్రొటీన్ లెక్కలో కలపకండి. అది ఆవు, పంది, చేపల చర్మం, ఎముకల నుంచి వస్తుందన్న విషయం శాకాహారులు కొనేముందే తెలుసుకోవాలి.

ఆయుష్షు పెంచుతామనే మాత్రలలో, ద్రాక్షలో ఉండే రెస్వెరాట్రాల్ ఒకప్పుడు ఎంత పేరు తెచ్చుకుందంటే, దాని మీద పనిచేసే సర్‌ట్రిస్ కంపెనీని మందుల సంస్థ గ్లాక్సో 2008లో 72 కోట్ల డాలర్లకు కొని, 2013లో మూసేసింది. ఎన్ఎంఎన్ రక్తంలో కణాలు శక్తి తయారీకి వాడే ఎన్ఏడీ అనే పదార్థాన్ని పెంచుతుంది, కాని దానివల్ల మనుషులు ఎక్కువకాలం బతికినట్లు ఎక్కడా రుజువు కాలేదు. చక్కెర వ్యాధి లేనివాళ్ళు కూడా దీర్ఘాయువు కోసమని మెట్‌ఫార్మిన్ వేసుకోవడం ఒక వింత పరిణామం. 2019లో ప్రచురితమైన పరీక్షలో, బరువులెత్తిన వృద్ధులలో మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారికి కండ తక్కువగా పెరిగింది.

దీనికి ఎదురుగా, పిడికిలి బలాన్ని కొలిచిన ప్యూర్ అధ్యయనాన్ని చూడండి. భారతదేశం సహా 17 దేశాలలో దాదాపు లక్షా నలభై వేల మందిని గమనించి 2015లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, పట్టు బలం ఐదు కిలోలు తగ్గిన కొద్దీ మరణ ప్రమాదం 16 శాతం ఎక్కువగా కనిపించింది. బలమే ప్రాణం నిలుపుతుందని దీనినిబట్టి చెప్పలేము, బలహీనత ఇతర జబ్బులకు గుర్తు కూడా కావచ్చు. అయినా ఇరవై ఏళ్ళ తరువాత ఎలా ఉంటామన్నదానికి ఏ మాత్ర కంటే కూడా ఇది దగ్గరి సూచన. అందుకే అనంతపురం నుంచో కర్నూలు నుంచో మీ దగ్గరికి వచ్చి ఉండే అమ్మానాన్నలను కూడా ఇందులో చేర్చమంటాను. అరవై దాటినవారికి కిలో బరువుకు ఒకటి నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, రెండు లీటర్ల నీళ్ళ సీసాలు ఎత్తడం వారికి మంచి ఆరంభం. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ప్రొటీన్ పెంచేముందు డాక్టరును అడగాలి.

మొదలుపెట్టాక

ఒకేసారి నాలుగు డబ్బాలు తెరిస్తే ఏది పనిచేసిందో, ఏది వికటించిందో ఎప్పటికీ తెలియదు. మొదట తిండిని సరిచేసి నెల రోజులు చూడండి, తరువాత క్రియాటిన్ ఒక్కటే కలపండి, మరో నెల తరువాత అవసరమైతే వే. బరువు, నడుము కొలత, ఎత్తే బరువులు, నిద్ర గంటలు ఒక పుస్తకంలో వారానికోసారి రాయండి. మూడు నెలలకు ఎత్తే బరువు పెరగకపోతే కొత్త డబ్బా కొనకుండా నిద్ర, తిండి, వ్యాయామ పట్టికలను తిరిగి చూడండి. ముందు చేయించిన పరీక్షలను ఆరు నెలలకోసారి తిరిగి చేయించి, పాత కాగితం పక్కన పెట్టుకుని చూడండి. మూత్రం ముదురు పసుపుగా మారినా, కళ్ళు పచ్చబడినా, దురదగా ఉన్నా అన్నీ ఆపి కాలేయ పరీక్షకు వెళ్ళాలి. మీరు వాడే పొడులు, మాత్రలు, మూలికల పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసి ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ముఖ్యంగా ఆపరేషన్‌కు ముందు మత్తు ఇచ్చే డాక్టరు అడిగినప్పుడు, ఆ ఫొటో చూపించండి.